ఇసుక బస్తాలు ఎక్కిన రైలు

మక్తల్,
ఆదివారం

ప్రియమైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. ఏదో దూరదేశపు నగరంలో రోడ్డు మధ్య వేసిన పట్టాల మీద కొత్త రైలు మెల్లగా వెళ్తోంది. లోపల ప్రయాణికులు లేరు. సీట్ల మీద, నడిచే దారిలో వరుసగా ఇసుక బస్తాలు. "తాతా, ఆ ఇసుకను ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని మన చిన్నది అడిగింది. ఎక్కడికీ కాదమ్మా. ఆ బస్తాలే నువ్వు, నీ అన్న, మీ బడి పిల్లలు, మీ పంతులుగారు. రైలు కిక్కిరిసిపోతే ఎంత బరువు ఉంటుందో అంత ఇసుక నింపి, బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందో కొలుస్తున్నారు. మనుషులను ఎక్కించాక కొలిచే సంగతి కాదు కదా అది.

దాన్ని లైట్ రైల్ అంటారు. మన కలకత్తా ట్రామ్‌కు తమ్ముడనుకోండి. హైదరాబాద్ మెట్రో మీరు ఎక్కారు. అది స్తంభాల మీద పోతుంది, దాని దారికి ఎవరూ అడ్డురారు. లైట్ రైల్ చాలా చోట్ల కార్లు, సైకిళ్లు, రోడ్డు దాటే ముసలివాళ్ల మధ్యనే నడవాలి. అందుకే దాని పరీక్షలు వేరు.

మొదటి పరీక్ష నాకు భలే నచ్చింది. రైలు పెట్టెకు చుట్టూ థర్మోకోల్ లాంటి మెత్తటి ముక్కలు కట్టి, మనిషి నడిచేంత వేగంతో లాక్కుపోతారు. వంపు తిరిగేటప్పుడు పెట్టె మూల బయటికి వస్తుంది, ఊగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. ప్లాట్‌ఫారం అంచో, స్తంభమో ఎక్కడైనా దగ్గరగా ఉంటే ఆ ముక్క గీరుకుని విరుగుతుంది. పక్కన నడిచే మనిషి అక్కడే ఆపించి గుర్తు పెడతాడు. మా చిన్నప్పుడు వరిగడ్డి బండి సందులోకి తిప్పేముందు మా నాన్న దిగి ఎద్దుల ముందు నడిచేవాడు. గోడకు ఎక్కడ గడ్డి అంటుకుందో చూసి, మర్నాడు మోపు తగ్గించి కట్టేవాడు. రెండూ ఒకే పని.

ఆ తర్వాత తీగల్లో కరెంటు వదులుతారు. రైలు తన కాళ్ల మీద తాను నడవడం మొదలుపెడుతుంది. సిగ్నళ్లు, తలుపులు, గంట, అన్నీ చూస్తారు. బ్రేకులను పొడి పట్టాల మీద చూసి ఊరుకోరు, పట్టాల మీద నీళ్లు చల్లి మళ్లీ చూస్తారు. ఇనుప చక్రం తడి ఇనుము మీద జారుతుంది. అప్పుడు చక్రాల ముందు సన్నగా ఇసుక రాలే ఏర్పాటు ఉంటుంది. మన రైలింజన్లకూ ఆ ఇసుక పెట్టెలు ఉంటాయి, స్టేషనులో నిలబడినప్పుడు చక్రాల దగ్గర వంగిన గొట్టం కోసం చూడండి. లైట్ రైల్‌కు అదనంగా పట్టాను పట్టుకునే అయస్కాంతపు బ్రేకు కూడా ఉంటుంది. రోడ్డు మీద ఎవరైనా హఠాత్తుగా అడ్డొస్తే పనికొచ్చేది అదే.

ఇంత చేసినా ఒక మాట మిగిలిపోతుంది. మీకు రాయాలని కూర్చున్నది దాని కోసమే.

కెనడా రాజధాని ఒటావాలో 2019 సెప్టెంబరులో ఇలాంటి లైను తెరిచారు. తెరవడానికి ముందు ఖాళీ రైళ్లను రోజూ అసలు టైంటేబుల్ ప్రకారమే నడిపి చూశారు. పన్నెండు రోజులు వరుసగా, నడవాల్సిన దూరంలో సగటున 98 శాతం నడవాలని నియమం పెట్టుకున్నారు. అనుకున్నట్టు జరగలేదు. అప్పుడు లెక్కను పన్నెండింట తొమ్మిది రోజులకు, 96 శాతానికి దించారు. పాసైందన్నారు, జనాన్ని ఎక్కించారు. కొన్ని వారాలు కూడా తిరగకముందే, ఎవరో మూసుకుంటున్న తలుపును చేత్తో ఆపితే తలుపు మొరాయించి రైలు నిలిచిపోవడం మొదలైంది. 2021లో నెలన్నర తేడాలో రెండుసార్లు పట్టాలు తప్పింది. ఎవరికీ గాయాలు కాలేదు. తర్వాత ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2022 నవంబరులో నివేదిక ఇచ్చింది. మార్కులు తగ్గించిన సంగతి అందులో తేటగా ఉంది.

పిల్లలూ, లెక్కల పరీక్షలో 35 రాకపోతే పాస్ మార్కును 30 చేయమని అడగం కదా. మళ్లీ చదువుతాం.

మన దేశంలో ఈ విషయంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. కొత్త లైను మీద ప్రయాణికుల రైలు నడపాలంటే రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి ఉండాలి. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద పనిచేయరు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. తన పేపరు తానే దిద్దుకోకూడదని ఆ కట్టుబాటు. ఆయన వచ్చారంటే మోటారు ట్రాలీ మీద వంతెన వంతెనకూ దిగి చూస్తారు, ఆ తర్వాత ఇంజనుతో వేగ పరీక్ష చేయిస్తారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కీమ్యాన్‌గా, అంటే పట్టాలను బిగించి ఉంచే ఇనుప కీలను సరిచూసేవాడిగా, పట్టాల వెంట నడిచినవాణ్ని. బిగువుగా ఉన్న కీ మీద సుత్తి వేస్తే కంగుమంటుంది, వదులైతే మొద్దుగా పలుకుతుంది. ఒకసారి కొత్త లైను మీద వేగ పరీక్షకు ముందు రాత్రి పెద్ద వాన పడింది. తెల్లవారి చూస్తే పట్టా తిన్నగానే ఉంది, చూపుకు లోపమే లేదు. వంపు దగ్గర ఎందుకో అనుమానం వచ్చి కూర్చుని స్లీపరు, అంటే పట్టాలను మోసే అడ్డదిమ్మె, కింద చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లూ లోపలికి దూరాయి. కింద నల్లరేగడి కట్ట కుంగి, కంకర దిగిపోయి, స్లీపరు పట్టాకు వేలాడుతోంది. మేస్త్రీకి చెప్పాను, ఆయన పైవాళ్లకు చెప్పాడు. పరీక్ష రెండు రోజులు వాయిదా పడింది. విసుక్కున్నవాళ్లు ఉన్నారు. ఆ రెండు రోజులు నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే గర్వమైనవి.

ఎందుకంటే వాన ఏం చేయగలదో పాలమూరు వాళ్లకు తెలుసు. 1956 సెప్టెంబరులో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి నేను బడికి పోని పిల్లవాణ్ని. పెద్దవాళ్లు ఆ రాత్రి గురించి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర రైలు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చి వెళ్లిపోయారు.

మన ఊరి లైను సంగతీ చెప్పాలి. 1997-98లో మంజూరైంది. ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ వచ్చి, జక్లేర్ నుంచి కృష్ణ స్టేషను దాకా 37 కిలోమీటర్లను 2023 అక్టోబరు 1న జాతికి అంకితం చేశారు. ఆలస్యమైందని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఖాళీ ఇంజను అటూ ఇటూ తిరుగుతున్న రోజుల్లో "ఇంకా ఎందుకు ఎక్కనివ్వరు" అని ఎవరైనా అడిగితే మాత్రం నేను వాళ్ల పక్షం కాదు.

దసరా సెలవులకు రండి. కృష్ణ స్టేషను దాకా రైల్లో వెళ్దాం. నది చూపిస్తాను, ఇంజను కింద ఇసుక గొట్టమూ చూపిస్తాను. ఈలోగా మీ దగ్గర ఎక్కడైనా కొత్త లైను మీద పరీక్ష ఉందని చాటింపు వేస్తే మీ వీధిలో మేకలు కాసే పెద్దాయనకు ముందు రోజే వెళ్లి చెప్పండి. ఇన్నాళ్లూ రైలు రాని పట్టా కదా అని ఆయన మందను దాని మీదుగానే తోలుతుంటాడు. కరెంటు ఇంజను చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినబడదు.

మీ తాత