ప్రదర్శనలో ఉన్న యుద్ధ విమానాల సంరక్షణ: అపోహలు - వాస్తవాలు

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానపు చట్రం, రేకుల మరమ్మతులు చేసే పనివాడిగా పనిచేసి హన్మకొండలో స్థిరపడిన నేను, కూడళ్లలోనూ కళాశాలల ఆవరణల్లోనూ నిలబెట్టిన పాత విమానాల బాగోగులు చూసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉన్న ప్రాంతం మనది కాబట్టి, ఇక్కడివారికి విమానాలంటే మక్కువ కొత్తేమీ కాదు. 1963లో వాయుసేనలో చేరిన మిగ్-21 యుద్ధ విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు అందుకున్నాయి. అందువల్ల తమ ఊళ్లోనూ ఒక విమానాన్ని నిలబెట్టుకోవాలనే కోరిక ఇకపై మరింత మందికి కలగవచ్చు. అలాంటివారు ముందుగా వదులుకోవలసిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: విమానం అల్యూమినియంతో చేసినది, కాబట్టి తుప్పు పట్టదు.

ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదన్న మాట నిజమే. అయితే మన వంటింట్లో అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రెండు రోజులు నిల్వ ఉంచితే అడుగున నల్లబడి చిన్న చిన్న గుంటలు పడటం అందరూ చూసే ఉంటారు. ఆ గిన్నె దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం. విమానపు పైరేకు సాధారణంగా సుమారు 4 శాతం రాగి కలిసిన మిశ్రమ లోహం. రాగి బలాన్ని ఇస్తుంది కానీ, నీరు తగిలినప్పుడు లోహంలోనే రాగి ఎక్కువగా ఉన్న చోటికీ తక్కువగా ఉన్న చోటికీ మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి, అల్యూమినియం కరిగిపోతుంది. ఇది తెలిసే తయారీదారులు చాలా రేకులకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొరను అంటించారు. గీత పడి ఆ పొర తెగినా, మెరుపు కోసం పాలిష్ పట్టి పట్టి దాన్ని అరగదీసినా, లోపలి లోహానికి రక్షణ పోతుంది.

అల్యూమినియం రేకులో ఉక్కు బోల్టు దిగిన చోట నష్టం మరింత వేగంగా జరుగుతుంది. చక్రాల హబ్బుల్లోనూ గేర్ పెట్టెల్లోనూ వాడే మెగ్నీషియం మిశ్రమాలు వీటన్నిటికంటే ముందు పాడవుతాయి. రెండు రేకులు ఒకదానిపై ఒకటి కలిసే అతుకులో పుట్టిన తెల్లని పొడి (అదే అల్యూమినియం తుప్పు) అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల, రివెట్ల వరుసల మధ్య రేకు చిన్న చిన్న దిండ్లలా ఉబ్బుతుంది. మందపాటి భాగాలైతే తడిసిన పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా విడిపోతాయి. అరచేతిని రేకు మీద మెల్లగా జరిపితే, కంటికి కనిపించక ముందే ఆ ఉబ్బు వేళ్లకు తెలుస్తుంది.

అపోహ: మనకు సముద్రం లేదు, ఉప్పుగాలి లేదు, కాబట్టి భయం లేదు.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో 2017 నుంచి ప్రదర్శనలో ఉన్న నౌకాదళ విమానం టీయూ-142కు ఉన్నంత ఉప్పు బెడద మనకు లేదన్న మాటను అంగీకరిస్తాను. అయినా ఉత్తర తెలంగాణకు దాని బాధలు దానికి ఉన్నాయి. రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి, బూడిద, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల దుమ్ము రేకుల సందుల్లో పేరుకొని, తేమను స్పాంజిలా పట్టి ఉంచుతాయి. పావురాల రెట్ట పెయింటును తినేస్తుంది. వీటికి తోడు మంచు ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పలుచని రేకు చుట్టుపక్కల గాలి కంటే ఎక్కువగా చల్లబడటం వల్ల, తెల్లవారేసరికి దాని లోపలా బయటా నీటి చుక్కలు పట్టి ఉంటాయి. అంటే వాన పడని నెలల్లో కూడా విమానం లోపల తడుస్తూనే ఉంటుంది.

అపోహ: పండుగలకు ముందు కొత్త పెయింటు వేస్తే సంరక్షణ పూర్తయినట్టే.

నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. విమానం పొట్ట కింద, రెక్కల అడుగున, తలుపుల అంచుల్లో చిన్న చిన్న నీటి రంధ్రాలు ఉంటాయి, లోపలికి చేరిన నీరు వాటి ద్వారానే బయటకు పోవాలి. ఒకచోట పెయింటర్లు ఎంతో శ్రద్ధగా, పొట్ట నున్నగా కనిపించాలని ఆ రంధ్రాలన్నిటినీ పుట్టీతో పూడ్చారు. తరువాతి వానాకాలం చివర నేను వెళ్లి, లోహానికి గీత పడకుండా వెదురు పుల్లతో ఒక్కో రంధ్రాన్ని తెరిచాను. మూడో రంధ్రం తెరుచుకోగానే టీ రంగు నీరు ధారగా కారి సగం బకెట్ నిండింది. దాని వెంట తెల్లని రవ్వ, కందిరీగల గూటి మట్టి వచ్చాయి. పైన పెయింటు మాత్రం అప్పటికీ నిగనిగలాడుతూనే ఉంది. ఆ పెయింటర్లను నేను తప్పుపట్టను, ఆ రంధ్రాలు ఎందుకున్నాయో వారికి చెప్పవలసినవారు చెప్పలేదు.

పెయింటు వేసే కాలం గురించి కూడా ఒక మాట చెప్పాలి. త్వరగా ఆరుతుందని రోహిణి కార్తె ఎండల్లో పని పెట్టుకుంటారు. చెయ్యి ఆనించలేనంత వేడెక్కిన రేకు మీద పెయింటు పరుచుకోకముందే ఆరి, లోహానికి పట్టుకోదు, తొలకరి వానలకే పొక్కులు లేస్తాయి. ఫిబ్రవరిలో, మంచు పూర్తిగా ఆరిన తరువాత, ఎండ ముదరకముందు ఈ పని చేయాలి. పాత పెయింటు కింద పసుపుపచ్చని లేదా ఆకుపచ్చని ప్రైమర్ కనిపిస్తే దాన్ని పొడిగా గీకకూడదు. అందులో ఉండే క్రోమేట్ క్యాన్సర్ కారకం. మాస్కు ధరించి, తడిపి మాత్రమే అరగదీయాలి.

అపోహ: గట్టిగా కడిగితే శుభ్రపడుతుంది.

వాషింగ్ సోడా అల్యూమినియాన్ని తింటుంది, బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ గుంటలు పెడుతుంది. ఇనుప పీచుతో రుద్దితే విరిగిన ఇనుప ముక్కలు రేకులో ఇరుక్కుని ఒక్కొక్కటీ ఒక్కో తుప్పు కేంద్రమవుతాయి. కార్లు కడిగే ప్రెషర్ గన్ అతుకుల్లోంచి నీటిని లోపలికి నెడుతుంది. మామూలు పైపు నీరు, క్షారం లేని తేలికపాటి ద్రవ సబ్బు, మెత్తని బ్రష్షు చాలు.

కాక్‌పిట్ మీద ఉండే పారదర్శకమైన కానోపీ గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. అమోనియా ఉన్న గాజు క్లీనర్ తగిలితే అందులో వెంట్రుకల్లాంటి పగుళ్లు వ్యాపిస్తాయి, అవి ఇక పోవు. ముందు ధారాళంగా నీరు పోసి దుమ్ము కొట్టుకుపోనిచ్చి, ఆ తరువాతే మెత్తని నూలు బట్టతో అద్దాలి.

అపోహ: టార్పాలిన్ కప్పితే భద్రం.

టార్పాలిన్ తేమను లోపలే బంధిస్తుంది, గాలికి కదులుతూ పెయింటును రాపిడి చేస్తుంది. ఖర్చు పెట్టగలిగితే పక్కలు తెరిచి ఉన్న పైకప్పు షెడ్డు వేయండి. విమానానికి మీరు చేయగలిగిన అన్నిటికంటే పెద్ద మేలు అదే.

అపోహ: ఇంజన్ తీసేశారు కాబట్టి అది ఖాళీ డొల్ల, ప్రమాదమేమీ లేదు.

పైలట్‌ను బయటకు విసిరే సీటులో పేలుడు గుళికలు ఉంటాయి. వాటిని తొలగించినట్టు విమానాన్ని అప్పగించినవారి నుంచి రాతపూర్వకమైన ధ్రువీకరణ లేకుండా ఎవరినీ కాక్‌పిట్‌లోకి ఎక్కనివ్వకూడదు. ల్యాండింగ్ గేర్ (చక్రాలను మోసే కాళ్లు) స్తంభాల్లో నూనెతో పాటు అధిక పీడనంలో వాయువు ఉండవచ్చు, అది పూర్తిగా దిగిపోయిందని నిర్ధారించకుండా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. కొన్ని పాత మీటర్ల ముళ్లకూ అంకెలకూ రేడియం కలిపిన పెయింటు ఉంటుంది. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదు కాబట్టి దాని శక్తి అయిపోయిందని చాలామంది అనుకుంటారు. వెలుగునిచ్చే పదార్థమే పాడైంది కానీ, సగం తరగడానికి దాదాపు 1600 సంవత్సరాలు పట్టే రేడియం అలాగే ఉంటుంది. మీటరు అద్దం పగిలి ఉంటే తాకకుండా నిపుణులకు తెలపాలి.

అపోహ: కాంక్రీటు స్తంభం మీద ఎత్తుగా బిగిస్తే ఎవరూ ముట్టుకోరు, ఎక్కువ కాలం ఉంటుంది.

ఆకతాయి చేతుల నుంచి తప్పించుకుంటుంది, నిజమే. కానీ తనిఖీ చేసే చేతులు కూడా దాన్ని అందుకోలేవు. నేలపై మూడు చక్రాల మీద పంచుకోవలసిన బరువంతా పొట్టలో ఒకటి రెండు చోట్ల పడుతుంది, దానికి గాలి ఊపు తోడవుతుంది. 10 మీటర్ల అల్యూమినియం 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, అదే పొడవు ఉక్కు అందులో దాదాపు సగమే సాగుతుంది. రెండింటినీ కదలికకు చోటు లేకుండా బిగిస్తే, ప్రతి పగలూ ప్రతి రాత్రీ ఆ బోల్టు రంధ్రాలు కొద్దికొద్దిగా నలిగి పెద్దవవుతాయి. ఇప్పటికే స్తంభం మీద ఉన్న విమానమైతే, మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనుకబట్టాక ఒకసారి క్రేన్ బకెట్‌లో ఒక మనిషిని పైకి పంపి, బిగింపు చుట్టూ రేకును, పొట్ట రంధ్రాలను చూపించి, తీసిన ఫోటోలను తేదీతో సహా రిజిస్టరులో అంటించాలి. గత ఏడాది ఫోటో పక్కన ఈ ఏడాది ఫోటో పెట్టి చూస్తే, పగులు ఎంత పెరిగిందో ఇంజనీరు కాని మనిషికి కూడా తెలుస్తుంది.