మేనల్లుడి రక్తంలో మేనమామ ఆచూకీ

నరసాపురం వలంధర రేవు, మహాలయ అమావాస్య. మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డ ఒక పెద్దాయన్ని పంతులుగారు తిథి అడిగారు. "తెలీదండి. మా మేనమామండి. బర్మా యుద్ధానికెళ్లి మరి రాలేదు. మా అమ్మ పోయేదాకా వీధి వైపే చూసేది." తిథి తెలియని వాళ్లకు ఈ అమావాస్యే దిక్కు కాబట్టి పంతులుగారు ఇంకేం అడగలేదు. నువ్వులూ నీళ్లూ వశిష్ఠలో కలిసిపోయాయి.

డెల్టాకు ఇది కొత్త కథేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఊరు చెప్పుకునే లెక్కలో మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్లారు. బర్మా కూడా మనవాళ్లకు మరీ పరాయి దేశం కాదు. కూలికో వ్యాపారానికో 'రంగం', అంటే రంగూన్, వెళ్లిన కుటుంబాలు ఇక్కడ బోలెడు. మన కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలనేవారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదకూ వచ్చాయి.

మరి చనిపోయినవాళ్ల శవాలైనా ఇంటికి ఎందుకు రాలేదు? సైనికుడు ఎక్కడ పడితే అక్కడే అంతిమ సంస్కారం అన్నది బ్రిటిష్ సామ్రాజ్యం మొదటి యుద్ధంలోనే పెట్టుకున్న పద్ధతి. అసలు శవమే దొరకని వాళ్ల పేర్లు గోడలకెక్కాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. పేరైనా దక్కింది, నయం. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మామూలు భారతీయ సిపాయిలు పేర్లతో కాదు, ఇంతమంది అని అంకెలతో మిగిలారు. ఈ వివక్షకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది.

అమెరికా వేరే దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇప్పటిదాకా జాడ తెలియని తమవాళ్లు 80,000 మందికి పైగా ఉన్నారని లెక్కగట్టి, వాళ్లను వెతకడానికే ఒక సంస్థను నడుపుతోంది. హవాయిలోని ల్యాబ్‌లో ఎముకలు, పళ్లు, పాత ఛాతీ ఎక్స్‌రేలు పోల్చి చూస్తారు. 1972లో వియత్నాంలో విమానంతో పాటు కూలిపోయిన అమెరికన్ పైలట్ మైకేల్ బ్లాసీ ఎముకలు ఎవరివో తేలక, 1984లో 'అజ్ఞాత సైనికుడి' సమాధిలో పెట్టారు. 1998లో మళ్లీ తవ్వితీసి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆయన అజ్ఞాతుడు కాదని తేలింది. సరిపోల్చడానికి రక్తమిచ్చింది తల్లీ, తోబుట్టువూ.

ఇక్కడే మన చుట్టరికాలు పనికొస్తాయి. పాత ఎముకల్లో ఎక్కువగా నిలిచేది మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాల్లో ఉండే డీఎన్ఏ. ఒక్కో కణంలో దాని కాపీలు వందలు, వేలు ఉంటాయి మరి. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. అంటే సిపాయి సొంత కొడుకులో అది ఉండదు, అక్కచెల్లెళ్ల పిల్లల్లో ఉంటుంది. కొడుకు కన్నా మేనల్లుడే గట్టి సాక్షి. అక్క కూతుర్నే చేసుకున్న వాడైతే మాత్రం సొంత పిల్లలూ పనికొస్తారు, వాళ్లమ్మది ఆ వరసే కాబట్టి! మేనరికాలున్న కుటుంబమైతే ఆ సంగతి ల్యాబ్‌కు ముందే చెప్పాలి, లేకపోతే మిగతా డీఎన్ఏ పోలికల లెక్క తప్పుతుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి, ఇంటిపేరులాగే నడుస్తుంది. కానీ దత్తత జరిగిన చోట ఇంటిపేరు ఒక దారి, రక్తం ఒక దారి.

ఈ విద్య మన దగ్గర లేదనుకోకండి. పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావిలోంచి 1857 నాటి సిపాయిల ఎముకలు తీశారు. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న అధ్యయనం 2022లో వాళ్లు గంగా మైదానం వాళ్లని తేల్చింది. డీఎన్ఏతో పాటు పళ్లూ సాక్ష్యం చెప్పాయి. చిన్నప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి గుర్తు పంటి ఎనామిల్‌లో ఉండిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కింద పండిన వరన్నం తిన్న కుర్రాడి పంటికీ, జొన్నలు తిని పెరిగిన వాడి పంటికీ కార్బన్ లెక్కలో తేడా ఉంటుంది.

ఇటలీలో 1944లో గల్లంతైన ఇద్దరు సిపాయిల ఎముకలు 1996లో బయటపడ్డాయి. యూరప్ వాళ్లవి కావని పరీక్షల్లో తేలింది, పేర్లు సైనిక రికార్డుల సాయంతో తెలిశాయి. 2019లో అస్థికలు హర్యానా చేరాయి. 75 ఏళ్లు! రెండో యుద్ధంలో విమానాలతో పాటు మన ఈశాన్య కొండల్లో కూలిన అమెరికన్ల కోసం గాంధీనగర్ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఆ దేశపు సంస్థతో 2021లో ఒప్పందం చేసుకుంది. అలాంటి సంస్థ మన సిపాయిల కోసం మనకు లేదు. ఇది నాకు మింగుడుపడని విషయం.

దహనం చేసినచోట డీఎన్ఏ మిగలదు, నిజమే. కానీ అడవుల్లో పడిపోయిన వాళ్ల సంగతి వేరు. ఇక రికార్డులకు వస్తే, కమిషన్ జాబితాల్లో చాలాచోట్ల సిపాయి పేరు పక్కన తండ్రి పేరు, ఊరు ఉంటాయి. సైన్సుకు కావలసిన అక్కచెల్లెళ్లు ఉండరు. వాళ్లు పెళ్లై ఇంటిపేరు మారి ఎటో వెళ్లిపోయి ఉంటారు. ఆ దారి ఇంట్లో ముసలమ్మలకే తెలుసు.

రేవు మెట్ల మీద తువ్వాలు పిండుకుంటున్న పెద్దాయన్ని అక్కచెల్లెళ్లున్నారా అని అడిగాను, ఆయన సంతానంలో మేనమామ గుర్తు ఉండదు కాబట్టి. పాలకొల్లులో చెల్లెలుందట. ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలట.