రీఫండ్ స్లిప్ చూపిస్తే కస్టమ్స్ వదిలేస్తారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో తంబుచెట్టి వీధిలో మా ఆఫీసు. పనంతా కంటైనర్లు, బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే కాగితాలు), హార్బర్ చుట్టూ తిరుగుళ్ళు. లైసెన్సు మీద ‘కస్టమ్స్ బ్రోకర్’ అని ఉంటుంది గానీ వీధిలో ఇంకా సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే అంటారు. ప్రయాణికుల సామాను మా వ్యాపారం కాదు. అయినా నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు మనవాళ్ళు చాలామంది విమానం ఎక్కేదీ దిగేదీ మీనంబాక్కంలోనే. ‘మనవాడొకడు కస్టమ్స్‌లో ఉన్నాడు’ అని ఒకసారి పేరు పడ్డాక ఫోన్లు ఆగవు. నేను కస్టమ్స్‌లో లేను, దాని గుమ్మం బయట ఉన్నాను అని ఇరవై ఏళ్ళుగా చెప్తున్నా వినేవాళ్ళు లేరు.

వేసవి సెలవులు ముగిసే వారాల్లో ఈ ఫోన్లు మరీ ఎక్కువ. అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: విదేశంలో కొన్న వస్తువు మీద అక్కడి టాక్స్ తిరిగొచ్చేటప్పుడు రీఫండ్ ఇచ్చేశారు, ఇక్కడ మళ్ళీ కస్టమ్స్ డ్యూటీ కట్టాలా? అందుకే ముందు దాని సంగతే చెప్తాను. మిగతావన్నీ దీని తర్వాతే.

అపోహ: "అక్కడ ఎయిర్‌పోర్టులో వస్తువు చూశారు, స్టాంపు వేశారు, టాక్స్ కూడా వెనక్కి ఇచ్చారు. అంటే కస్టమ్స్ క్లియర్ అయినట్టే. ఇక ఇక్కడ కట్టేదేముంది?"

వాస్తవం: అక్కడ మీకు టాక్స్ ఎందుకు వెనక్కి ఇచ్చారో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ వస్తువును వాళ్ళ దేశంలో వాడరు, బయటికి తీసుకెళ్ళిపోతున్నారు కాబట్టి. వ్యాట్ అన్నా జీఎస్టీ అన్నా అది ఆ దేశంలో వాడుకున్నందుకు వేసే పన్ను. ఆ స్టాంపుకు అర్థం ‘ఈ వస్తువు మా దేశం వదిలి వెళ్ళింది’ అని మాత్రమే. మరి అది వెళ్ళి దిగింది ఎక్కడ? మన దగ్గర. అక్కడ ఎగుమతి అయిందంటేనే ఇక్కడ దిగుమతి అయినట్టు. రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు, రెండు వేర్వేరు పన్నులు. సింగపూర్ వాళ్ళు తమ జీఎస్టీ తిరిగిచ్చినంత మాత్రాన మన కస్టమ్స్ డ్యూటీ మాఫీ కాదు.

ఇంత తేలిక విషయాన్ని చదువుకున్నవాళ్ళు కూడా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అందుకు మా బావే సాక్షి.

2024లో మా అక్కా బావా సింగపూర్ వెళ్ళారు. బావకు ఫొటోల పిచ్చి. అక్కడ 2,400 సింగపూర్ డాలర్లు పెట్టి కెమెరా, లెన్సు కొన్నాడు. కొనే ముందు నాకు వాట్సాప్‌లో అడిగాడు, జీఎస్టీ రీఫండ్ తీసుకోవచ్చా అని. ఆరోజు నేను హార్బర్‌లో ఒక కంటైనర్ తలనొప్పిలో ఉన్నాను. ‘తీసుకోండి బావా, అది మీ హక్కు’ అని కొట్టి ఫోన్ జేబులో పడేశాను. సగం జవాబే ఇచ్చాను. మిగతా సగం చెప్పకపోవడం నా తప్పే.

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో ఆయన రీఫండ్ మెషీన్ (కియోస్క్) దగ్గర పాస్‌పోర్టు స్కాన్ చేశాడు. వస్తువు చూపించమంటే చూపించాడు. అధికారి చూసి సరేనన్నాడు. పది వేల రూపాయల చిల్లర రీఫండ్ వచ్చింది. బావ లెక్కలో కస్టమ్స్ అనే తతంగం అక్కడితో అయిపోయింది. చెన్నైలో దిగి గ్రీన్ చానల్‌లోంచి దర్జాగా నడిచొచ్చాడు. ఎక్స్‌రేలో లెన్సు కనబడింది. ఆపి, ఎంత పెట్టి కొన్నారని అడిగారు. "టాక్స్ అంతా క్లియర్ సార్, ఇదిగో" అని రీఫండ్ స్లిప్ తీసిచ్చాడు. కొన్న తేదీ, ధర, దేశం దాటించినట్టు రుజువు, అన్నీ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. మా బావ ఏకంగా గుమ్మడికాయే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

తెల్లవారుజామున రెండింటికి నాకు ఫోన్. "ఒరేయ్, టాక్స్ కట్టేశానని చెప్తుంటే వీళ్ళకు అర్థం కావట్లేదురా, నువ్వు కాస్త మాట్లాడు." వాళ్ళకు బాగానే అర్థమైంది బావా అని ఆ వేళప్పుడు ఎలా చెప్పను?

లెక్క చూడండి. డాలరుకు 62 రూపాయల చొప్పున విలువ 1,48,800. అప్పటికి 2016 నాటి బ్యాగేజ్ రూల్స్ నడుస్తున్నాయి. డ్యూటీ లేకుండా తెచ్చుకోగలిగింది 50,000 వరకు. మిగతా 98,800 మీద 35 శాతం డ్యూటీ, ఆ డ్యూటీ మీద పది శాతం సర్‌చార్జ్, వెరసి 38.5 శాతం. అంటే 38 వేల చిల్లర. దిగగానే రెడ్ చానల్‌కు వెళ్ళి చెప్పుకుని ఉంటే అంతటితో పోయేది. గ్రీన్ చానల్‌లోకి అడుగుపెట్టడమంటే ‘నా దగ్గర డ్యూటీ కట్టాల్సిందేమీ లేదు’ అని ప్రకటించినట్టే. నోరు విప్పకపోయినా లెక్క అదే. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ సామాను గురించి చెప్పాల్సిన బాధ్యతను ప్రయాణికుడి మీదే పెట్టింది. చెప్పకుండా తెచ్చారని తేలితే వస్తువును జప్తు చేయవచ్చు. దాన్ని విడిపించుకోవడానికి 125వ సెక్షన్ కింద ఒక జరిమానా, చేసిన పనికి 112 కింద ఇంకో జరిమానా, వీటికి తోడు అసలు డ్యూటీ ఎలాగూ ఉంటుంది. కెమెరాను డిటెన్షన్ రశీదు రాసి పెట్టుకున్నారు. నేనూ బావా మీనంబాక్కం చుట్టూ మూడుసార్లు తిరిగాం. అంతా కలిపి అరవై వేలకు దగ్గరగా అయింది. వచ్చిన రీఫండ్ పది వేల చిల్లర.

2026 ఫిబ్రవరి నుంచి కొత్త బ్యాగేజ్ రూల్స్ వచ్చాయి. మనవాళ్ళకు ఆ 50,000 ఇప్పుడు 75,000 అయింది. అదే శాతంతో బావ కెమెరాకు లెక్కేస్తే 28 వేల చిల్లర వస్తుంది. పరిమితి పెరిగింది, సంతోషం. అయితే ఇది మొత్తం మాఫీ చేసే మంత్రం కాదు. ఇప్పటికీ ఖరీదైన వాచీ, హ్యాండ్‌బ్యాగ్, కెమెరా కొంటే దాటిపోతుంది. కాబట్టి కొనేముందే లెక్క వేసుకోండి: అక్కడి ధర, అందులోంచి రీఫండ్ తీసివేత, దానికి ఇక్కడి డ్యూటీ కలుపు. ఆ వచ్చిన మొత్తం ఇక్కడి షోరూం ధరకంటే తక్కువైతేనే కొనండి. చాలా వస్తువులకు తక్కువ కాదు. ఈ లెక్క తెలిశాక మా బావ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ కెమెరా మౌంట్ రోడ్‌లో కొంటే ఇంకా చవకయ్యేదని తర్వాత తెలిసింది.

అపోహ: "ఇద్దరం వెళ్ళాం కాబట్టి ఇద్దరి పరిమితీ కలిపి లక్షన్నర."

వాస్తవం: కలపడానికి వీల్లేదు. ఎవరి పరిమితి వారిదే అని నియమంలో స్పష్టంగా రాసి ఉంది. ఇద్దరూ చెరో డెబ్భై వేల వస్తువు తెచ్చుకుంటే ఇద్దరికీ డ్యూటీ లేదు. ఒకే వస్తువు లక్షా నలభై వేలు అయితే, అది మీ ఆవిడ భుజాన ఉన్నా మీ భుజాన ఉన్నా, ఒక్కరి పరిమితి పోను 65,000 మీద కట్టాలి. హ్యాండ్‌బ్యాగ్‌ను సగానికి కోయలేం కదా. చంటిబిడ్డ పేరు మీద ఇంకో వాటా అడిగేవాళ్ళూ ఉన్నారు. చంటిబిడ్డకు వర్తించేది వాడిన సామాను వరకే.

అపోహ: "బిల్లు చింపేసి, ట్యాగ్ కోసేసి, డబ్బా పారేస్తే ధర ఎవరికి తెలుస్తుంది?"

ఫోన్లో ఎవరైనా ఇలా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఈ సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఒక ‘ఫ్రెండు’ పేరు చెప్తారు, ఆ ఫ్రెండు ఎప్పుడూ దొరకడు. బిల్లు లేకపోతే అధికారి మోడల్ పేరు కొట్టి, బయట దొరికే ధర తీసుకుంటాడు. మీరు సేల్‌లో నలభై శాతం తగ్గింపుకు కొని ఉండొచ్చు. అది నిరూపించేది మీరు చింపేసిన ఆ బిల్లే. దాన్ని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. విదేశీ కరెన్సీని రూపాయల్లోకి మార్చేది కూడా కస్టమ్స్ నోటిఫై చేసిన రేటుతో. మీ కార్డుకు పడిన రేటుతో కాదు.

దీనికి తోబుట్టువు ఇంకో ప్రశ్న: డ్యూటీ లెక్కకు రీఫండ్ తీసేసిన ధర చూపించొచ్చా? మాట మొదలయ్యేది బిల్లు మీది ధరతోనే. రీఫండ్ కాగితం చూపించి అడగడంలో తప్పు లేదు. ‘రీఫండ్ పోతే 74 వేలే కదా’ అని గ్రీన్ చానల్‌లోకి మాత్రం నడవకండి. అలాంటి బోర్డర్ లెక్కలు రెడ్ చానల్‌లో నిలబడి మాట్లాడుకోవాల్సినవి.

అపోహ: "రెడ్ చానల్‌కు వెళ్తే పేరు రికార్డుకెక్కుతుంది, పాస్‌పోర్టు పాడవుతుంది."

ఈ భయం ఉన్నవాళ్ళను చూస్తే మాత్రం నాకు కోపం రాదు, జాలేస్తుంది. గూడూరు నుంచి ఒక పెద్దావిడ కొడుకు దగ్గరికి వెళ్ళొస్తూ, దిగే ముందు రోజు రాత్రి ఫోన్ చేశారు. కోడలు పెట్టిన రెండు చీరలు, మనవడి పాత ట్యాబ్, నాలుగు డబ్బాల చాక్లెట్లు. ‘పోలీసులు పట్టుకుంటారా నాయనా’ అని గొంతు వణుకుతోంది. అమ్మా, మీరు కట్టేదేమీ లేదు, నిమ్మళంగా రండి అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాడుకున్న బట్టలు, సొంత సామానుకు డ్యూటీ ఉండదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చు, అది ఆ 75,000 లెక్కలోకి రాదు. రెడ్ చానల్ అంటే డ్యూటీ కట్టే కౌంటర్, అంతే. కరెంటు బిల్లు కట్టినంత మామూలు పని. ముందే చెప్పుకోవాలనుకుంటే కస్టమ్స్‌ను నడిపే కేంద్ర బోర్డు సిబిఐసి వాళ్ళ అతిథి యాప్ ఉంది.

విదేశంలో ఉంటూ చూసిపోవడానికి వచ్చేవాళ్ళు ఇంకో దారి గుర్తుంచుకోండి. ఖరీదైన వస్తువుకు డ్యూటీ కట్టడం ఇష్టం లేకపోతే, నిజం చెప్పి దాన్ని ఎయిర్‌పోర్టులోనే ఉంచి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళవచ్చని కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ చెప్తోంది. ముందు నిజంగా ప్రకటించిన వాళ్ళకే ఆ సౌకర్యం. పట్టుబడ్డాక అడిగితే కుదరదు.

ఇక మిగతావి గబగబా.

‘దుబాయ్‌లో ఆడవాళ్ళు 40 గ్రాముల బంగారం ఫ్రీగా తేవచ్చు, పైగా అయిదు శాతం వ్యాట్ వెనక్కి.’ ఆ 40 గ్రాములు, మగవాళ్ళకు 20, ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్ళకు. అదీ నగలకు. వారం రోజుల టూర్ వాళ్ళకు కాదు. కాసులు, బిస్కెట్లు అసలు ఫ్రీ లెక్కలోకే రావు.

‘లండన్‌లో కొంటే వ్యాట్ వెనక్కిస్తారు.’ 2021 జనవరి నుంచి ఇవ్వడం లేదు.

‘ఫ్రాన్స్‌లో వ్యాట్ 20 శాతం కాబట్టి 20 శాతం వస్తుంది.’ 120 యూరోల బిల్లులో వ్యాట్ 20 యూరోలు, అంటే బిల్లు మొత్తంలో ఆరోవంతు. అందులోంచి రీఫండ్ కంపెనీ తన ఫీజు కోసుకుంటుంది. చేతికొచ్చేది పన్నెండు శాతం దగ్గర.

‘అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు, ఫోన్ వాడికే, రీఫండ్ మాత్రం అమ్మ పాస్‌పోర్టు మీద తీసుకుంటాం.’ వస్తువు అక్కడే ఉండిపోతే అది అబద్ధపు క్లెయిమ్. వంద యూరోల కోసం అక్కడ చదువుకునే పిల్లాడిని చిక్కుల్లో పెట్టొద్దు.

‘రీఫండ్ తీసుకుంటే ఇండియాకు కబురు వెళ్తుంది, అందుకే వదులుకోవడం మేలు.’ డ్యూటీ ఎగ్గొట్టే ఆలోచన లేనివాడికి ఏ కబురు వెళ్తే ఏంటి? మీకు రావాల్సిన డబ్బు తీసుకోండి, ఇక్కడ కట్టాల్సింది కట్టండి.

ఒకటి మర్చిపోతాను. డ్యూటీ కట్టాక ఇచ్చే రశీదును పారేయకండి. రేపు అదే కెమెరా మెళ్ళో వేసుకుని ఇంకో దేశం వెళ్ళొస్తే, ఇది పాతదే, డ్యూటీ కట్టిందే అని చెప్పేది ఆ కాగితమే. ఇక్కడే కొన్న ఖరీదైన వస్తువో నగో తీసుకెళ్తుంటే, వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి.

ఈ మాట బావకు చెప్పానో లేదో, రశీదుకు లామినేషన్ చేయించి కెమెరా బ్యాగు జేబులో పెట్టుకున్నాడు. మొన్న బ్యాంకాక్ నుంచి వస్తూ, నాలుగు ప్యాకెట్ల ఎండు మామిడి ముక్కలకు రెడ్ చానల్‌లో నిలబడ్డాడట. ఇంటికి పొమ్మన్నారట. పాత రీఫండ్ స్లిప్‌కు కూడా లామినేషన్ చేయించబోయాడు గానీ, అది ప్రింటర్ వేడికి అచ్చయ్యే కాగితం. షాపువాడు మెషీన్‌లో పెట్టగానే నల్లగా మాడిపోయింది.