బొగ్గింజన్‌కి నీళ్లు పట్టడం: అపోహలు - వాస్తవాలు

బొగ్గింజన్ అనగానే అందరికీ పొగ, బొగ్గు గుర్తొస్తాయి. ఫుట్‌ప్లేట్ (డ్రైవర్, ఫైర్‌మన్ నిలబడే చోటు) మీద పనిచేసినవాళ్లకు మాత్రం ఎప్పుడూ నీళ్ల ధ్యాసే.

అపోహ: స్టేషన్‌లో వాటర్ కాలం (నీళ్లు పోసే గొట్టపు స్తంభం) నుంచి నీళ్లు నేరుగా బాయిలర్‌లోకి పోతాయి.

వాస్తవం: పోవు, టెండర్‌లోకి (ఇంజన్ వెనకుండే బొగ్గు, నీళ్ల బండిలోకి) చేరతాయి. మన రైల్వేల డబ్ల్యూపీ, డబ్ల్యూజీ రకం ఇంజన్ల బాయిలర్లలో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు. మూత తీసి పోసే పని కాదది. ఆ ఆవిరితోనే ఇంజెక్టర్ అనే పరికరం టెండర్ నీళ్లను లోపలికి నెడుతుంది, బండి నడుస్తుండగానే. టెండర్ నీళ్లు బాగా వేడెక్కితే ఇంజెక్టర్ పట్టదు.

అపోహ: నీళ్లు పట్టేంతసేపూ సిబ్బందికి విశ్రాంతే.

వాస్తవం: టెండర్ మూత సరిగ్గా గొట్టం కిందికి వచ్చేలా బండి ఆపడంలోనే డ్రైవర్ పనితనం తెలుస్తుంది. ఒక ఫైర్‌మన్ (నిప్పు చూసుకునే మనిషి) టెండర్ ఎక్కి గొట్టం దించుతాడు, ఇంకొకరు నిప్పు సర్ది బూడిద లాగుతారు. డ్రైవర్ నూనె డబ్బాతో దిగి, బేరింగులకు అరచేతి వెనకవైపు ఆనించి వేడి చూస్తాడు. నీళ్లు నిండాక వాటర్ కాలం చెయ్యిని (అడ్డంగా చాచిన గొట్టాన్ని) పట్టాలకు సమాంతరంగా తిప్పి బిగించాల్సిందే. మరిచిపోతే తర్వాతి బండికి తగులుతుంది.

అపోహ: ఆగకుండా నీళ్లు పట్టలేరు.

వాస్తవం: 1860లోనే బ్రిటన్‌లో జాన్ రామ్స్‌బాటమ్ పట్టాల మధ్య తొట్లు పెట్టించి, పరిగెత్తే ఇంజనే నీళ్లు తోడుకునేలా చేశాడు.

అపోహ: ఏ నీళ్లైనా ఒకటే.

వాస్తవం: సున్నపు నీళ్లతో గొట్టాలకు గార పడుతుంది. లవణాలు పెరిగితే నీళ్లు నురగెత్తి సిలిండర్లలోకి దూరతాయి, సిలిండర్ పగిలినా పగులుతుంది. షెడ్‌లో బాయిలర్ వాష్‌అవుట్ (లోపలంతా కడగడం) చేసేది ఇందుకే.

అపోహ: నీళ్లైపోతే బండి ఆగుతుంది, అంతే కదా!

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇది. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది) పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లుండాలి. అది ఆరితే రేకు ఎర్రబడి మెత్తబడుతుంది, ఒత్తిడికి చిరిగి బాయిలర్ పేలుతుంది. అంతకుముందే అక్కడుండే లెడ్ ప్లగ్ (సీసపు బిరడా) కరిగి, ఆవిరి మంట మీదికి చిమ్మి హెచ్చరిస్తుంది. విషయం అంతదాకా రానివ్వకూడదు.

బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్ వైపు ఒకసారి చూస్తే చాలదు. నిండుగా ఉన్న గాజూ, పూర్తిగా ఖాళీ గాజూ ఒకేలా కనిపిస్తాయి. వెనక పలక మీద ఏటవాలు గీతలుంటే, నీళ్లున్నంత మేర అవి ఎదురు వాలుగా కనబడతాయి. అయినా గ్లాసు కింది కాక్ (కుళాయి) తెరిచి ఊదించాలి. దాన్ని మూయగానే నీళ్లు చటుక్కున పైకి లేవాలి. నింపాదిగా లేస్తే దారి పూడుతోందన్నమాట. ఇంజన్ ముందుకు తిరిగి మిట్ట ఎక్కేటప్పుడు నీళ్లు వెనక్కి చేరి గ్లాసులో ఎక్కువ చూపిస్తాయి. దిగడం మొదలవగానే ముందుకు పారిపోతాయి, ఫైర్‌బాక్స్ పైకప్పు ఆరే ప్రమాదం. అందుకే మిట్ట దాటకముందే ఇంజెక్టర్ వేసి మట్టం పెంచుకోవాలి.