ఇనిట్ కంటే ముందే పుట్టే ఆబ్జెక్టు

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న ఎవరినైనా అడిగితే, ఆబ్జెక్టును (సమాచారాన్నీ దానిపై చేసే పనులనూ కలిపి ఉంచే వస్తువును) సృష్టించేది ఇనిట్ అనే మెథడేనని, అంటే క్లాసులో రాసే ఫంక్షనేనని, చెప్పే అవకాశం ఎక్కువ. ఇంటర్వ్యూలో ఆ జవాబు చెల్లిపోవచ్చు గానీ అది సరికాదు. పేరుకు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు తగిలించుకున్న ఈ ఇనిట్ పని మొదలుపెట్టేసరికే ఆబ్జెక్టు పుట్టి ఉంటుంది. సెల్ఫ్ అన్న పేరుతో దానికి మొదట అందేది ఆ ఆబ్జెక్టే.

నగరంలోని ఆటోలనే తీసుకుందాం. ఆటో అనే క్లాసు (ఆబ్జెక్టులకు అచ్చు లాంటిది) రాసి, బండి నంబరు ఇచ్చి దాన్ని పిలిస్తే, ముందుగా న్యూ అనే మెథడ్ నడిచి ఖాళీ ఆబ్జెక్టును తయారుచేస్తుంది. అది ఆ క్లాసుదే అయితే, దాన్నీ మనమిచ్చిన నంబరునూ పైథాన్ ఇనిట్‌కు అప్పగిస్తుంది. షోరూములోంచి వచ్చిన బండికి నంబరు ప్లేటు బిగించి, మీటరును సున్నాకు తిప్పడం వరకే ఇనిట్ పని. న్యూను మనం తిరగరాసుకునే వీలు 2001లో వచ్చిన పైథాన్ 2.2తో కలిగింది, టపుల్ (విలువల వరుస) వంటి, తయారయ్యాక మార్చలేని రకాల నుంచి కొత్త క్లాసు తీసేటప్పుడు తప్ప దాని అవసరం అరుదు.

వెయ్యి ఆటోలు సృష్టించినా 'నడుపు' అనే ఫంక్షను మాత్రం క్లాసులో ఒక్కటే ఉంటుంది. నంబరూ మీటరూ ఏ ఆటోవి ఆ ఆటోవే. (పైథాన్ 3లో ఇలాంటి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు.) ఒక ఆటో ఆబ్జెక్టుకు బండి అని పేరు పెట్టి, బండి.నడుపు(5) అని రాసినప్పుడు పైథాన్ ఆ పేరును ఆబ్జెక్టులో వెతికి, అక్కడ లేకపోవడంతో క్లాసులో పట్టుకుని, చుక్కకు ఎడమన ఉన్న బండిని ఆ ఫంక్షనుకు మొదటి ఆర్గ్యుమెంటుగా, అంటే ఫంక్షనుకు అందించే విలువగా, జతచేస్తుంది. ఆటో.నడుపు(బండి, 5) అని రాసినా ఫలితం అదే. ఫంక్షనును రాసేటప్పుడు సెల్ఫ్ పెట్టడం మరచిపోయిన విద్యార్థికి, తాను ఒక్క ఆర్గ్యుమెంటే ఇచ్చినా రెండు ఇచ్చావని ఎర్రర్ రావడానికి కారణం ఈ జతే. సెల్ఫ్ అన్నది కీవర్డు (భాష తనకోసం కేటాయించుకున్న పదం) కూడా కాదు, కేవలం ఆచారం.

ఈ వెతుకులాటే ఒక తిరకాసుకూ దారితీస్తుంది. ప్రయాణికుల జాబితాను ఇనిట్‌లో కాక నేరుగా క్లాసులో పెడితే ఆటోలన్నిటికీ ఒకే జాబితా మిగులుతుంది. అమీర్‌పేటలో ఎక్కిన మనిషి మెహదీపట్నం ఆటోలోనూ కూర్చుని కనిపిస్తాడు. ఆ ఒక్క వరుసను ఇనిట్‌లోకి మార్చి, సెల్ఫ్.ప్రయాణికులు అని రాస్తే, అతను తన ఆటోలోనే ఉంటాడు.