కచేరీలో బొమ్మలు గీసే పని: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ సంగీత కచేరీలకీ జాతరలకీ స్కెచ్ బుక్ పట్టుకుని తిరగడం మొదలుపెట్టి 11 ఏళ్లయింది. నెలకి ఒకటో రెండో ఆదివారాలు ఇక్కడో శ్రీకాకుళంలోనో జనాన్ని పోగేసి బొమ్మలు వేయిస్తుంటాను కూడా. మొన్న మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఒకాయన "పాటలు వింటూ బొమ్మలేసుకోవడం, హాయైన పనమ్మా నీది" అన్నాడు. పాపం మంచిగానే అన్నాడు, నాకే ఒళ్లు మండింది, ఎందుకంటే ఆ ముందురోజే మా బొమ్మల కార్యక్రమానికి 40 కుర్చీలు నేనే మోసి నడుం పట్టేసి ఉన్నాను. అందుకే నాకు తరచూ వినపడే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నా. వరుస ఏమీ లేదు, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టే.

అపోహ: ఫోటో తీసుకుని ఇంటికెళ్లి గీసుకోవచ్చు కదా, అక్కడ కూర్చుని అవస్థ పడటం దేనికి?

వాస్తవం: ఫోటోలో వయొలిన్ వాయించే కమాను ఒక్కచోట ఆగిపోయి ఉంటుంది. నాకు కావలసింది అది వెళ్లి వచ్చే దారి. మన వయొలిన్ విద్వాంసులు కింద కూర్చుని, కుడి కాలు కాస్త ముందుకు చాపి, వయొలిన్ తలని చీలమండ దగ్గర ఆనించి, రెండో కొసని ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఇరికించుకుంటారు. అంటే భుజం, పాదం, వాటి మధ్య వయొలిన్, ఇవన్నీ ఒక ముక్కగా బిగుసుకుని ఉంటాయి, దాదాపు కదలవు. ముందు దాన్ని నాలుగు గీతల్లో దింపేస్తాను. కదిలేది కుడి మోచేయి, అదీ ఎక్కడికో పోదు, వెళ్లిన దారినే తిరిగొస్తుంది.

కొత్తగా గీసేవాళ్లు "అయ్యో కదిలిపోతున్నారండీ" అని చెరుపుతూ కూర్చుంటారు. పాటలో ఉన్న సుఖమే అది, ఎవరూ పూర్తిగా వెళ్లిపోరు. పల్లవి మళ్లీ వస్తుంది, దాంతోపాటు ఆ మెడ వంపూ, పైకి లేచే ఆ చెయ్యీ, కళ్లు మూసుకునే ఆ తీరూ వస్తాయి. తాళం వేసే చెయ్యయితే ఆదితాళంలో 8 లెక్కలకోసారి అదే చోటికి దిగుతుంది, ఈ ఆవర్తనంలో (అంటే తాళం ఒక చుట్టులో) అందకపోతే తర్వాతి దాంట్లో అందుతుంది. అందుకని ఒకే కాగితం మీద మూడు నాలుగు బొమ్మలు సగం సగం మొదలుపెట్టి వదిలేస్తాను. ఏ భంగిమ తిరిగొస్తే ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి ఇంకో రెండు గీతలు వేస్తాను. చూసేవాళ్లకి ఇది పిచ్చిగీతల్లా ఉంటుంది, మంగళం పాడే వేళకి మనుషులవుతారు. రెండున్నర గంటల కచేరీలో 12 నుంచి 15 కాగితాలు అవుతాయి, అందులో ఉంచుకోదగ్గవి మూడు. ఒక్కోసారి అదీ లేదు.

అపోహ: సంగీతం వచ్చినవాళ్లే గీయగలరు.

వాస్తవం: రాగం పేరు చెప్పలేకపోయినా ఫర్వాలేదు (నాకు ఇప్పటికీ కొన్ని రాగాలు కలగాపులగమైపోతాయి). కచేరీ నడక మాత్రం తెలియాలి. వర్ణంతో మొదలవుతుంది, అప్పుడు మనుషుల్ని కాగితం మీద ఎక్కడెక్కడ పెట్టాలో చూసుకోవాలి. ఆలాపన మొదలైతే గాయకుడి చేతులు గాలిలో ఎక్కడెక్కడికో వెళ్లిపోతాయి, వాటి వెంట పడితే పేజీ పాడవుతుంది. ఆ సమయంలో మృదంగం ఆయన ఖాళీగా చేతులు వాద్యం మీద పెట్టుకుని తల ఊపుతూ వింటుంటారు, గీయాల్సింది ఆయన్ని. తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం వినిపించే భాగం) వచ్చిందా, ఇప్పుడు మృదంగం మీద వేళ్లు కనిపించవు, గాయకుడేమో నోరు మూసుకుని బుద్ధిగా తాళం వేస్తుంటారు, ఆయన వంతు అప్పుడు. ఎవరి వంతు కాదో వాళ్లని గీయాలన్నమాట. ఇది నాకెవరూ చెప్పలేదు, ఐదారేళ్లు కాగితాలు తగలేశాక తెలిసింది. పైగా నోరు తెరుచుకుని ఉన్న బొమ్మని ఇంతవరకు ఏ గాయకుడూ ఇష్టపడలేదు, ఒకాయనైతే "పళ్ల డాక్టరు దగ్గర ఉన్నట్టున్నానమ్మా" అన్నారు.

వాద్యం ఎలా పట్టుకుంటారో కూడా తెలుసుకోవాలి. తెలియకపోతే ఏమవుతుందో చెబుతా. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా, పనస దుంగని తొలిచి. ఒకసారి అక్కడ కూర్చుని పొద్దుటంతా గీశాను, నా మట్టుకు నాకు బ్రహ్మాండంగా వచ్చిందనిపించింది. ఉలి పట్టుకున్న పెద్దాయన ఆ పని ఆపి, చేతులు లుంగీకి తుడుచుకుని, నా పుస్తకం తీసుకుని చాలాసేపు చూశారు. ముందు మెట్లు, అంటే తీగల కింద వేళ్లు నొక్కే అడ్డపట్టీలు, లెక్కపెట్టారు. 24 ఉండాలి, నేను 17 గీశాను. "పోనీ అది సరే, ఈ ఎడం చెయ్యి ఏటమ్మా?" అన్నారు. నేను ఎడం చెయ్యిని దండి (వీణ పొడవాటి మెడ) మీదుగా పైనుంచి దింపాను. నిజానికి చిన్న బుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది, ఎడమ చెయ్యి దండి కింద నుంచి చుట్టి వచ్చి వేళ్లు మెట్ల మీద పడతాయి. ఆయన అక్కడే ఇంకా మెట్లు పెట్టని వీణ ఒకటి నా ఒళ్లో పెట్టి కూర్చోమన్నారు. దాని బరువు తొడకి తెలిసింది, మోచేయి ఎటు తిరగాలో భుజానికి తెలిసింది. ఆ తర్వాత వీణ గీసేటప్పుడు చెయ్యి తప్పలేదు. మెట్లు ఇప్పటికీ లెక్కపెట్టను, అన్నీ గీస్తే బొమ్మ దువ్వెనలా ఉంటుంది.

అపోహ: పోలికలు రాకపోతే అది బొమ్మే కాదు.

వాస్తవం: దసరా తర్వాత వచ్చే మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్లు. సిరిమాను గీయాలని నాలుగేళ్లు ప్రయత్నించి మానుకున్నా, ఆ జనంలో చెయ్యి పైకెత్తడానికే చోటుండదు, పుస్తకం తెరవడం మాట దేవుడెరుగు. తొలేళ్ల రాత్రి మాత్రం వదలను, తప్పెటగుళ్ల వాళ్లు వస్తారు. ఛాతీ మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, రెండు చేతులతో వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ ఒక్కసారిగా ఎగురుతారు, దిగుతారు, నడుం వంచుతారు. మొహాల జోలికి వెళితే ఒక్కటీ అందదు. నేను వెన్ను గీత ఒకటి, మోకాళ్ల మడత ఒకటి, తప్పెట గుండ్రం ఒకటి, అంతే, పక్కవాడికి వెళ్లిపోతాను.

ఆట అయ్యాక చెమటలు కక్కుతూ ఒకాయన వచ్చి వంగి చూశాడు. "ఇందల నానెక్కడున్నానమ్మా?" చూపించాను. "మొకం లేదేటి తల్లీ?" అన్నాడు నీరసంగా. నేను ఏదో సర్దిచెప్పేలోపే వెనకాల నుంచి వాళ్ల బృందంలో కుర్రాడు తొంగిచూసి, "నువ్వే మావా అది, ఆ నడుం వంపు ఊళ్లో ఇంకెవడికుంది" అన్నాడు. ఆయన మళ్లీ చూసి, ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు. నాకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

అపోహ: మంచి సామాను ఉండాలి, మంచి వెలుతురుండాలి.

వాస్తవం: అరచేతి కంటే కాస్త పెద్ద పుస్తకం, 6బి పెన్సిలు, రెండు బ్రష్ పెన్నులు, ఒక పాత రుమాలు. అంతకు మించి తీసుకెళ్తే పక్కవాళ్ల కాళ్ల మీద పడతాయి. వెలుతురంతా స్టేజీ మీదే, మనం చీకట్లో. ఫోను లైటు వేస్తే వెనకవాళ్లు తిట్టుకుంటారు, అది న్యాయమే. కాగితం వైపు చూడకుండా గీయడం అలవాటు చేసుకోవాలి. రంగులు అసలు వద్దు, ఈ ఎల్‌ఈడీ లైట్లలో పచ్చ పంచె నీలంగా, మనిషి మొహం వంకాయ రంగులో కనిపిస్తాయి. నలుపు చాలు. దోమల మందు మర్చిపోవద్దు.

అపోహ: ఎలాగూ పాట వింటున్నారుగా, దానికి డబ్బులెందుకు? పేరొస్తుంది కదా.

వాస్తవం: గీసేటప్పుడు పాట మీరు విన్నట్టు నేను వినను. ఇంటికొచ్చాక ఏ కీర్తన పాడారని అమ్మ అడిగితే చెప్పలేను, కానీ ఎక్కడ గొంతు పెంచారో ఎక్కడ తగ్గారో గీత మందం చూసి చెప్పగలను. అది పనే. కచేరీలు పెట్టే ఒక సభ వాళ్లు స్టేజీ పక్కన నిలబడి లైవ్‌లో గీయమన్నారు, మూడు గంటలు నిలబెట్టి, చివర్లో శాలువా కప్పి, ప్లాస్టిక్ మెమెంటో చేతిలో పెట్టి, భోజనం చేసి వెళ్లమ్మా అన్నారు. ఆ మరుసటి ఏడాది అదే బొమ్మ వాళ్ల ఫ్లెక్సీ మీద కనిపించింది, నా సంతకం దగ్గర ఒకాయన పాస్‌పోర్ట్ ఫోటో అతికించి. అప్పటినుంచి ఎవరు పిలిచినా మూడు సంగతులు ముందే వాట్సాప్‌లో రాయించుకుంటున్నా: ఎంతిస్తారు, బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని అచ్చు వేస్తే అడిగి వేస్తారా. నోటి మాట మీద వెళ్లకండి, మీ మేనమామ పిలిచినా సరే.

అపోహ: బొమ్మల కార్యక్రమం అంటే పిల్లలకే.

వాస్తవం: పిల్లలు ఎలాగూ వస్తారు, వాళ్ల ముందు కాగితం పడేస్తే చాలు. అసలు తంటా వాళ్లని తీసుకొచ్చి గోడవార నిలబడే పెద్దవాళ్లతో. "నాకు రాదండీ" అంటారు, చేతులు వెనక్కి పెట్టేసుకుంటారు. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఒకసారి 20 మీటర్ల కాగితం చుట్ట పరిచి, డోలు వాయించేవాళ్లని ఇద్దరిని కూర్చోబెట్టి, వినపడింది గీయండి అన్నాను. పిల్లలు వెంటనే పడ్డారు. మనవడితో వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం అరగంట నిలబడే చూసింది. నేను బొమ్మ అనే మాట మానేసి, "పోనీ ముగ్గు పెట్టండి పిన్నీ, డోలు దెబ్బకో చుక్క" అన్నాను. చెంగు దోపుకుని కూర్చుంది. 15 చుక్కల ముగ్గు, ఒక్క గీత చెరపలేదు, స్కేలు అడగలేదు, మధ్యలో డోలు వేగం పెరిగితే చుక్కలు దగ్గరదగ్గరగా పడ్డాయి, దానికి తగ్గట్టు మెలికలు అప్పటికప్పుడు మార్చేసుకుంది. ఈవిడకి బొమ్మలు రావట. నేను మా క్లాసులో ఏడాది చెప్పినా రాని గీత అది.

ఆ రోజు ఐదింటికి గాలి లేచింది. బరువు పెట్టడానికి రాళ్లు తెచ్చాం గానీ సరిపోలేదు, సగం కాగితం చిరిగి నదిలోకి పోయింది, పిన్ని ముగ్గుతో సహా. ఆవిడ నవ్వేసి "ముగ్గేగా, రేపు పొద్దున్న ఎలాగూ తుడిచేదే" అంది. నేను మాత్రం ఇంటికెళ్లి కాసేపు ఏడ్చాను.

ఖర్చు లెక్క కూడా చెప్పేస్తా, "ఉచిత కార్యక్రమం" అంటే ఎవరికీ ఖర్చు లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సాయంత్రం కాగితం, రంగులు, కుర్చీలు, ఆటో, డోలు వాళ్లకి ఇచ్చింది, మంచినీళ్లు, అన్నీ కలిపి 6,800 అయింది. డబ్బా పెడితే వచ్చింది 1,150. మైకు పెట్టాలంటే పర్మిషన్ టెన్షన్ ఒకటి, అందుకే మైకు మానేశా. ముఖ్య అతిథిని కూడా మానేశా, ఆయన వచ్చేదాకా పిల్లల్ని రంగులు ముట్టుకోనివ్వకుండా ఆపడం నా వల్ల కాదు.

అపోహ: గోడ ఖాళీగా ఉంటే సవర గిరిజనుల బొమ్మలు వేయించేస్తే అందంగా ఉంటుంది, సులువు కూడా.

వాస్తవం: సీతంపేట వైపు సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసేవి వాళ్ల దేవతల కోసం, పోయిన పెద్దల కోసం. వాటికి వేళ ఉంటుంది, వేసే మనిషి ఉంటాడు. వాటిని నెట్‌లో చూసి దించి ఫంక్షన్ హాలు గోడకి ఎక్కించమని నన్నడిగితే చెయ్యను. కావాలంటే ఆ వేసేవాళ్లనే పిలిపించి, ఏది వేయొచ్చో ఏది వేయకూడదో వాళ్లనే అడిగి, డబ్బిచ్చి వేయించుకోండి.

అపోహ: ఇలాంటివి వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో చెయ్యాలి, ఈ ఊళ్లలో ఎవరు చూస్తారు?

వాస్తవం: ఈ మాట విజయనగరంలో నిలబడి అంటే నాకు నవ్వొస్తుంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరండీ ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. కళ్లు కనపడని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించాలనే మహారాజు ఆ కాలేజీ పెట్టించారని ఇక్కడ చెప్పుకుంటారు. సాయంత్రాలు సాధన వినపడుతుంటే అటువైపు పోయి కూర్చుంటాను. తప్పుగా వాయించి, ఆగి, మళ్లీ అదే చోటు నుంచి ఎత్తుకుంటుంటారు, కచేరీ కంటే అదే గీయడానికి బాగుంటుంది నాకు. అదే ముక్క 20 సార్లు వస్తుంది మరి.

ఇక చివరిది, ఎక్కువమంది అడిగేది: ఇల్లు గడుస్తుందా? ఈ పని ఒక్కదాంతో గడవదు. పొద్దున్న పిల్లలకి డ్రాయింగ్ క్లాసులు, పెళ్లిళ్ల సీజన్‌లో పెళ్లి స్కెచ్‌లు. సన్నాయి వాళ్ల పక్కన కూర్చుని గీస్తాను, గట్టిమేళం మోగే ఆ కాసేపట్లో పెళ్లికొడుకు చేతులు, పెళ్లికూతురి వంచిన తల, అక్షింతల కోసం లేచిన చేతులు, అన్నీ పడిపోవాలి. డబ్బులొచ్చేది అక్కడే, దాంతోనే నది ఒడ్డు కార్యక్రమాలు నడుస్తున్నాయి.

వచ్చే నెల మళ్లీ నాగావళి ఒడ్డునే చేద్దామనుకుంటున్నా, ఈసారి ఇసుక బస్తాలు ముందే పెట్టించి. పిన్ని కూడా వస్తానంది. పెన్సిల్ పట్టుకోవడం రాకపోయినా ఫర్వాలేదు గానీ, కుర్చీలు దించడానికి ఇద్దరు కావాలి, మూడింటికల్లా రండి.