నల్లపొగ లేని విషాన్ని లెక్కపెట్టే పింగాణీ

“పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చిందంటే నా డీజిల్ కారు గాలిని పాడు చెయ్యనట్టేనా?” అని ఒక పాఠకుడు అడిగారు. కాదండీ. ఆ పరీక్షలో బండిని నిలబెట్టి, యాక్సిలరేటర్ తొక్కించి, పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. నైట్రిక్ ఆక్సైడ్ అనే విషవాయువు ఊసే ఉండదు. నల్లపొగ రాకపోతే బండి మంచిదేనని మనకు గట్టి నమ్మకం. ఈ వాయువుకేమో అసలు రంగే లేదు.

దాన్ని పట్టాలంటే పరికరం కూడా బండితోపాటు రోడ్డెక్కాలి. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు అలా కొలిచి 2014లో ఇచ్చిన నివేదికతోనే ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. ల్యాబ్‌లో పాసైన ఆ కంపెనీ జెట్టా కారు, రోడ్డు మీద పరిమితికి 15 నుంచి 35 రెట్లు నైట్రోజన్ ఆక్సైడ్లు (నైట్రిక్ ఆక్సైడ్, దాని కుటుంబం) వదిలింది. వాళ్ల పరికరాలు డిక్కీని ఆక్రమించేవి. నెదర్లాండ్స్‌లోని టీఎన్ఓ అనే పరిశోధన సంస్థ అంతకంటే చాలా చిన్న కిట్ తయారుచేసింది. దాని గుండెకాయ స్పార్క్ ప్లగ్ అంత ఉండే, జిర్కోనియా అనే పింగాణీతో చేసిన సెన్సర్. నాకు అమితంగా నచ్చింది అదే.

అమెరికన్ డైమండ్ కమ్మల్లో మెరిసేది కూడా జిర్కోనియానే. అందులో కాస్త యిట్రియా (యిట్రియం అనే లోహపు ఆక్సైడ్) కలిపితే, ప్రతి రెండు యిట్రియం అయాన్లకూ ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. 700 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే ఆక్సిజన్ అయాన్లు ఆ ఖాళీల్లోకి గెంతుతూ ఇటు నుంచి అటు దాటిపోతాయి. ఒక్కో అయాన్ రెండు ఎలక్ట్రాన్ల ఆవేశం మోస్తుంది కాబట్టి, కరెంటు కొలిస్తే ఆక్సిజన్ లెక్క తేలిపోతుంది. ఇంటర్‌లో అయాన్లకూ ఓల్టేజికీ సంబంధం చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణాన్ని బట్టీ పట్టించే బదులు ఈ సెన్సర్‌ను పిల్లల చేతిలో పెడితే ఎంత బావుంటుంది!

చిక్కంతా ఇక్కడుంది. డీజిల్ పొగలో మామూలు ఆక్సిజనే దాదాపు 10 శాతం, అంటే లక్ష పీపీఎం (పది లక్షల్లో లక్ష వంతులు). నైట్రిక్ ఆక్సైడ్ కొన్ని వందల పీపీఎం. జాతరలో నైట్రోజన్ చెయ్యి పట్టుకుని తిరిగే ఆక్సిజన్లను మాత్రమే లెక్కపెట్టాలి. అందుకే ముందు మిగతా జనాన్ని బయటికి పంపేస్తారు. మొదటి గదిలో ప్లాటినంలో బంగారం కలిపిన ఎలక్ట్రోడ్ ఉంటుంది. అది మామూలు ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పట్టుకున్న చేతుల్ని మాత్రం విడదీయదు. రెండో గదిలోని రోడియం ఆ పని చేస్తుంది. విడిపోయిన ఆక్సిజన్లే అసలు లెక్క. మొదటి గదిలో 10 పీపీఎం ఆక్సిజన్ మిగిలిపోయినా సరే, అణువుకు రెండేసి పరమాణువులు కాబట్టి, 20 పీపీఎం నైట్రిక్ ఆక్సైడ్ ఉన్నట్టు చూపిస్తుంది.

అమ్మోనియాతో ఇంకో తంటా. పొగను శుద్ధి చెయ్యడానికి పోసే డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం ఎక్కువైతే, దాన్నుంచి పుట్టి మిగిలిన అమ్మోనియా ఆ వేడిలో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి లెక్కలో కలిసిపోతుంది. నీటిబొట్టు తగిలితే వేడి పింగాణీ పగులుతుంది. కాబట్టి గొట్టంలో తేమ ఆరేదాకా సెన్సర్‌ను పూర్తిగా వేడిచెయ్యరు. ఇంజన్ చల్లగా ఉండి, శుద్ధి యంత్రం ఇంకా పని మొదలెట్టని ఆ కాసేపూ సెన్సర్‌కు ఏమీ తెలియదు. పరిశోధన గట్టిగా జరగాల్సింది ఇక్కడే.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే కార్ల మోడళ్లకు రోడ్డు మీద పరీక్ష తప్పనిసరి. అమ్ముడై రోడ్డెక్కిన డీజిల్ బండికి మాత్రం ఇప్పటికీ పొగ చిక్కదనమే ప్రమాణం. డీఈఎఫ్ పోయించే బీఎస్-6 బండి గొట్టంలో ఈ సెన్సర్ ఎలాగూ ఉంటుంది. పొల్యూషన్ వ్యాన్‌లో ఆ రీడింగ్ కూడా చూడాలన్న నిబంధన వెంటనే తేవాలి.